గుట్ట వెనక గుర్రాలు

మే 30

వదినకు,

నేను బాగానే ఉన్నాను, కానీ మూడు రోజులుగా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. అన్నయ్య చెయ్యి ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతామన్నారు? బొమ్మ సైనికుల పెట్టె కోసం స్టూలెక్కి పడ్డాడని నువ్వు రాస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు బాధేసింది.

ఇక అసలు సంగతి. మా క్లబ్బు నీకు తెలుసుగా, బల్ల మీద బొమ్మ సైనికులతో పాత యుద్ధాలు మళ్ళీ ఆడేవాళ్ళం. ఆడేవాళ్ళం అంటున్నానే గానీ నేనెప్పుడు ఆడాను? మూడేళ్ళుగా ఆ బొమ్మలకు రంగులు వెయ్యడమే నా పని. పగలంతా ల్యాబులో పెట్టుడు పళ్ళు చేసే చెయ్యి కదా, సన్నపని బాగా వస్తుందని పొగిడి, కుంచెల అలమర తాళం నా చేతికిచ్చి, బల్ల దగ్గరికి మాత్రం రానివ్వలేదు.

ఈ ఏడాది వాటర్లూ ఆడుతున్నారు. నెపోలియన్ ఓడిపోయిన ఆఖరి యుద్ధం. నెపోలియన్ వైపు ఎప్పుడూ ఆడే మందుల షాపాయన సరుకు పని మీద ఊరెళ్ళి ఇరుక్కుపోయాడు. అవతలి పక్క ప్రిన్సిపాలు గారు. ఆయన రిటైరై చాలా కాలమైంది గానీ మేమందరం ఇప్పటికీ అలాగే పిలుస్తాం. ఆయన చుట్టూ చూసి, చూసి, నన్ను పట్టుకున్నారు. "ఈ అమ్మాయి కూచుంటుందిలే, బొమ్మలు జరపడమేగా. గెలిచావంటే ఆ కుర్చీ ఏడాది పాటు నీదేనమ్మా. ఓడిపోతే నీ కుంచెలు నీకున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం కన్ను మూతపడలేదు. వదినా, నాకా కుర్చీ కావాలి.

రెండు వారాలకోసారి ఆదివారం కలుస్తాం. మూడు ఆదివారాల్లో యుద్ధం తేలిపోవాలి. ఏ దళం ఎటు కదలాలో చీటీ రాసి అంపైరుకివ్వాలి. ఆయన వాచీలు బాగుచేసే మనిషి, అందుకే క్షణం అటూ ఇటూ కానివ్వడు. ఆ చీటీ ఒక వంతు ఆలస్యంగా గానీ దళానికి చేరదు. ఇంకోటి, గుట్టల చాటున ఉండి ఎదుటివాళ్ళకు కనపడని దళాన్ని బల్ల మీద పెట్టరు, బదులుగా అట్టముక్క బోర్లిస్తారు. కొన్ని ముక్కల కింద ఏమీ ఉండదు, ఉత్తుత్తివి.

మ్యాపు గీసి పంపుతున్నాను. అన్నయ్యను ఇంట్లో అలాగే బల్ల మీద పేర్చుకుని సలహా చెప్పమను. ఫోన్లో అడుగుదామంటే మ్యాపు నోటితో చెప్పడం నా వల్ల కాదు, పైగా ల్యాబులో ఫోను ఓనరు ముక్కు కింద ఉంటుంది. చిన్నప్పుడు గది నేల మీద సైన్యాలు పేర్చినప్పుడల్లా వాడే చక్రవర్తి, నేను మంచం కింద దొర్లిపోయిన బొమ్మల్ని ఏరుకొచ్చేదాన్ని. వాడు చెప్పకుండా ఒక్క బొమ్మనీ జరిపి ఎరగను. ఇప్పుడూ వాడే చెప్పాలి.

నీ ఆడపడుచు

---

జూన్ 4

మరదలు చక్రవర్తి వారికి,

మీ ఆజ్ఞ అందింది. అందిన దగ్గర్నుంచీ మా భోజనాల బల్ల మాది కాకుండా పోయింది. ఇద్దరం వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటున్నాం, రైలు కోసం తొందరపడుతున్నవాళ్ళలాగా. పాత పుస్తకాల దొంతరలు కొండలయ్యాయి. మా షాపులో జోళ్ళ డబ్బాలు ఇళ్ళయ్యాయి. నా ఆకుపచ్చ దుప్పటి పచ్చికబయలయింది, అది నా మంచి దుప్పటి అని గుర్తుపెట్టుకో.

చెయ్యి పర్వాలేదు. కట్టు వచ్చే నెలలో విప్పుతారట. డ్రైవింగ్ స్కూలుకు సెలవు పెట్టి ఇంట్లో కూచున్న మనిషి ఏమీ తోచక నన్ను తినేస్తుంటే, దేవుడిలా నీ ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఎడమచేత్తో బొమ్మలు జరుపుతూ, "నెమ్మది... నెమ్మది... బ్రేకు!" అని సైన్యానికి కూడా డ్రైవింగే నేర్పుతున్నారు. రాసేది నేను కాబట్టి యుద్ధం మొత్తం నా చెవిన పడుతోంది. నిన్న షాపులో ఒకావిడ చెప్పు సైజు అడిగితే ఫిరంగులెన్ని కావాలి అనబోయాను.

ఇక మీ అన్నయ్య చెప్పినవి, చెప్పినట్టే రాస్తున్నాను. "నీ ఎడమ చేతివైపు పళ్ళతోటా గోడా ఉన్న బంగళా ఉందే, దాని జోలికి పోవద్దు. అప్పట్లో ఫ్రెంచివాళ్ళు ఊరికే బెదిరిద్దామని కొద్దిమందిని పంపి, పంతం కొద్దీ రోజంతా అందులో జనాన్ని పోస్తూనే ఉన్నారు. పిడికెడు మందిని బయట పెట్టు, చాలు. మధ్యలో ఉన్న రైతు ఇల్లు మాత్రం ముందే పట్టుకో, ఫిరంగులూ కాల్బలమూ కలిసి వెళ్ళాలి. గుర్రాల్ని తొందరపడి వదలొద్దు. వదిలావంటే నీకూ నాకూ మాటల్లేవు."

ఇవి చెప్పాక చాలాసేపు కిటికీలోంచి చూస్తూ, "అది గెలవాలే" అన్నారు. నీకు రాయొద్దన్నారు. అందుకే రాస్తున్నాను.

నీ వదిన

---

జూన్ 10

వదినకు,

నిన్న మొదటి ఆదివారం. తొందరలో గిలికిన మొదటి చీటీ నాకే చదవరాలేదు. అంపైరు కళ్ళద్దాలు పైకెత్తి, "ఇది పదాతి దళమా, పళ్ళ పొడా?" అన్నాడు. మళ్ళీ రాశాను.

అన్నయ్య చెప్పినట్టే బంగళా జోలికి పోలేదు. ప్రిన్సిపాలు గారు దానినిండా మంచి మంచి దళాల్ని కూరి, నేను వస్తానని వాళ్ళను అక్కడే కూచోబెట్టారు. నేను రాలేదు. మధ్య రైతు ఇల్లు మాత్రం రెండు వంతుల్లో పట్టేశాను! దెబ్బ ఎవరిదో తేల్చే పాచికలు కూడా నా మాట విన్నాయి. ఆయన సైన్యం ఇప్పుడు ఎదుటి మిట్ట మీద పొడుగ్గా ఎర్రగోడలా నిలబడి ఉంది. ఆ ఎరుపు వేసింది నేనే, అందుకే చూస్తే ముచ్చటేస్తుంది, ఆ వెంటనే భయమూ వేస్తుంది.

ఒక పని అన్నయ్యను అడక్కుండా చేశాను, కోప్పడతాడేమో. చక్రవర్తి సొంత దళం ఉంటుంది కదా, అందరికంటే ఆరితేరినవాళ్ళు, ప్రతివాళ్ళూ ఆఖరి దాకా దాచుకునేది. దాన్ని మొదట్లోనే కుడివైపు చివరనున్న ఊళ్ళోకి పంపేశాను. ప్రష్యన్లు, అంటే ప్రిన్సిపాలు గారికి సాయం వచ్చే సైన్యం, ఎప్పటికైనా అటునుంచే రావాలి. వచ్చాక పరిగెత్తడం కంటే ముందే వెళ్ళి కూచోవడం మేలనిపించింది. మా వాళ్ళంతా తలలు పట్టుకున్నారు. గుర్రాలు మాత్రం బుద్ధిగా మధ్యలో, నా మిట్ట చాటున, అట్టముక్కల కింద ఉన్నాయి. కొత్త మ్యాపులో గీశాను చూడు.

నీకో రహస్యం చెప్పనా? ప్రిన్సిపాలు గారి నోట్లో ఉన్నవి నేను చేసిన పళ్ళే. కింది సెట్టు ఆయనకు కాస్త వదులు, సరిచేయించుకోమంటే వినరు. మనసులో గాబరా పుడితే నాలుకతో దాన్ని కదిలిస్తారు, టిక్కు టిక్కుమంటుంది. నిన్న కుడివైపు ఊరిని చూసినప్పుడల్లా టిక్కుమంది. బల్ల చుట్టూ ఇంకెవరికీ అది వినపడలేదు. నేను అచ్చుపోసిన సామాను కదా, నాకు వినపడింది.

రెండో ఆదివారానికి ఏం చెయ్యాలో త్వరగా చెప్పించు.

నీ ఆడపడుచు

---

జూన్ 16

మరదలికి,

సొంత దళాన్ని ఊళ్ళోకి పంపిన సంగతి చదవగానే మీ అన్నయ్య ఒంటికాలి మీద లేచారు. "దానికి బుద్ధుందా? ఇంటి తాళాలు తీసుకెళ్ళి వీధిలో పెట్టినట్టు!" అని ఒకటే గొడవ. కాఫీ ఇచ్చాను. తర్వాత కాసేపు ఆ ఊరి పక్కన గడ్డం ఆనించి చూసి, "సరేలే, పంపింది పంపింది" అన్నారు. ఆయన నోట అంతకంటే మెచ్చుకోలు ఇరవయ్యేళ్ళ కాపురంలో నేనే వినలేదు.

మా షాపులో పాత సరుకు అమ్మకం పెట్టాం. జనం విరగబడ్డారు. ఒకాయన రెండూ ఎడమకాలివే వేసుకుని వెళ్ళిపోయి, సాయంత్రం వచ్చి జోడు కరుస్తోందని పోట్లాడాడు. ఆ హడావిడిలో ఇల్లు పట్టించుకోలేదు, బల్ల మీద దుమ్ము వేలెడు మందం పేరుకుపోయింది. మొన్న మీ అన్నయ్య డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు సైన్యాలన్నీ ఎత్తి, దుప్పటి దులిపి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ సర్దాను. అదేమిటో చిందరవందరగా ఉండేవి పాపం. నాకు షాపులో అలవాటేగా, బూట్లు ఒక అరలో, చెప్పులు ఒక అరలో. ఫిరంగులు ఫిరంగుల దగ్గర, గుర్రాలన్నీ ఒక్కచోట ఎడమవైపు పుస్తకాల గుట్ట వెనక చక్కగా పెట్టాను. ఆయన వచ్చి చూసి ఏమీ అనలేదు. అంటే బాగానే సర్దాననుకుంటాను.

ఇక ఆయన మాట. "నీ గుర్రాల్ని అలా ఎడమ గుట్ట వెనక పోగేశావు చూడు, అది చూసి నాకు ఒళ్ళు పులకరించింది. నాకే తట్టేది కాదు. వాటిని అక్కణ్ణుంచి కదపకు. గుర్రాలొస్తున్నాయని తెలిస్తే కాల్బలం చదరంగా నాలుగువైపులా తుపాకి కత్తులు చాచి నిలబడుతుంది, అప్పుడు గుర్రాలు ఏమీ పీకలేవు. వరుసల్లో నడుస్తుండగా పక్కనుంచి దొరికితేనే వాళ్ళ పని అయిపోతుంది. అందుకని ఆయన మిట్ట దిగేదాకా ఊపిరి బిగబట్టు. దిగకపోతే ఇంకోటి ఆలోచిద్దాం."

ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన మొహం చూడాల్సింది. నిన్ను మెచ్చుకోవాలంటే నా చేత రాయించాలి కాబోలు.

నీ వదిన

---

జూన్ 24

వదినా,

అన్నయ్య మనిషి కాదు! నా గుర్రాలు మధ్యలో ఉంటే, "ఎడమ గుట్ట వెనక పోగేశావు" అని ఎంత నాజూకుగా చెప్పాడో చూశావా? తప్పు చేశావని అనకుండా, నేనే చేసినట్టు మెచ్చుకుని, ఏం చెయ్యాలో చెప్పాడు. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. వీడు ఇంత మారాడా అనిపించింది.

నిన్న నేను చేసిన మొదటి పని గుర్రాలన్నిటినీ మధ్యలోంచి తీసి ఎడమ గుట్ట వెనక్కి మార్చడం. రెండు వంతులు పట్టింది. అట్టముక్కలు మెల్లగా అటు నడుస్తుంటే ప్రిన్సిపాలు గారు నవ్వి, "ఏమ్మా, పేకముక్కలు కలుపుతున్నావా? ఆ ఉత్తుత్తి ముక్కలతో నన్ను బెదిరించలేవు. ఫ్రెంచి గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నలభయ్యేళ్ళు పాఠం చెప్పాను" అన్నారు. ఆయన ఫిరంగులన్నీ మధ్యకే గురిపెట్టి ఉన్నాయి. నేను ముక్కలు జరుపుతూనే ఉన్నాను. మధ్యలో మిగిలింది పలచటి కాల్బలం, కొన్ని ఉత్తుత్తి ముక్కలు.

ప్రష్యన్లు వచ్చారు. నేరుగా కుడివైపు ఊరి మీద పడ్డారు. సొంత దళం ఇల్లిల్లూ పట్టుకుని నిలబడింది. వాళ్ళు మూడుసార్లు తరిమారు, మావాళ్ళు మూడుసార్లూ మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఆ దళానికి టోపీల మీది ఎర్ర కుచ్చులు వెయ్యడానికి నేను నెలరోజులు కూచున్నాను వదినా. ఒక్కొక్కటి పక్కకు తీస్తుంటే సొంతవాళ్ళను తీస్తున్నట్టుంది.

ఇంకో చేదు కబురు. మందుల షాపాయన తిరిగొచ్చాడు. నిన్న సాయంత్రమంతా నా కుర్చీ వెనకాలే నిలబడి, కుర్చీ వీపు మీద చేతులు ఆనించి, అప్పుడే తనదైనట్టు ఊపుతున్నాడు. "ఆఖరి ఆదివారం నేను కూచుంటాను, మర్యాదగా ఓడిపోదాం" అన్నాడు. అంపైరు ఒప్పుకోలేదు, మొదలుపెట్టినవాళ్ళే ముగించాలట. ఆయన వాచీ ముల్లు చల్లగుండ!

ఇంకొక్క ఆదివారమే ఉంది. అన్నయ్యకు నా దణ్ణాలు చెప్పు.

నీ ఆడపడుచు

---

జూన్ 29

మరదలా,

నువ్వు కూచుని చదువు. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకో.

నీ ఉత్తరం పైకి చదువుతుంటే మీ అన్నయ్య దణ్ణాల దగ్గర మీసం దువ్వుకున్నారు. వెనక్కి వెళ్ళి, "గుర్రాలన్నిటినీ మధ్యలోంచి తీసి" అన్న ముక్క మళ్ళీ చదవమన్నారు. చదివాను. "మార్చడమేమిటి? అవి అక్కడే ఉన్నాయి కదా!" అన్నారు. లేచి వెళ్ళి నీ పాత మ్యాపు తెచ్చి బల్ల పక్కన పరిచారు. మ్యాపులో గుర్రాలు మధ్యలో ఉన్నాయి. బల్ల మీద ఎడమపక్క ఉన్నాయి. ఆయన నా వైపు చూశారు. నేను గుడ్డ పట్టుకుని ఉన్నాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"నువ్వు తుడిచావా?"

"తుడవకపోతే మీ చక్రవర్తి దుమ్ములో కూరుకుపోయేవాడు."

"బొమ్మలు ఎత్తి తుడిచావా?"

"ఎత్తకుండా ఎలా తుడుస్తారండీ?"

ఆయన గొంతుకు పక్కింటి కుక్క కూడా మొరగడం మానేసింది. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత చేతిలో గుడ్డ వీపు వెనక దాచుకున్నాను. నీ గుర్రాలు ఎడమ గుట్ట వెనక నిలబడింది ఏ మహానుభావుడి ఎత్తుగడా కాదమ్మా, నేను చెప్పుల అర సర్దినట్టు సర్దానంతే. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఆయన మ్యాపు చూసుకోకుండా బల్ల చూసి సలహా చెప్పారు, అంతే జరిగింది. నీ ముందు నాకు తల కొట్టేసినట్టుంది.

ఇప్పుడు ఆయన ఆజ్ఞ, అక్షరం మార్చకుండా. "వెంటనే గుర్రాల్ని మధ్యకు తెచ్చెయ్. మధ్యలో ఎవరూ లేరు. ఆయన ఒక్క తోపు తోశాడంటే నీ సైన్యం రెండు ముక్కలవుతుంది. ఆదివారం మొదటి చీటీ ఇదే కావాలి. ఇంకేమీ ఆలోచించకు."

ఆయన మాట అది. నాకు యుద్ధం తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు, నీ బల్ల నీ కళ్ళముందుంది, మా బల్ల మీద ఉన్నది నా గుడ్డ పనితనం. చూసుకుని చెయ్యి.

నీ పాపిష్టి వదిన

---

జూలై 8

వదినా, వదినా, వదినా!

గెలిచాను!

ఇది రాసి పెన్ను కింద పెట్టి గదంతా రెండుసార్లు తిరిగొచ్చాను. ఇప్పుడు వరసగా చెబుతాను, ఆగు.

నీ ఉత్తరం గురువారం అందింది. ఆ రోజు ల్యాబులో ఒక పెద్దాయన పై సెట్టుకు ముందుపళ్ళు వెనక అమర్చి ఓనరు చేత చీవాట్లు తిన్నాను. ఆదివారం దాకా అన్నయ్య చీటీ మాటలే చెవిలో మోగాయి. బల్ల దగ్గర కూచోగానే ఆ మొదటి చీటీ రాసేశాను కూడా, గుర్రాలు మధ్యకు రావాలని. అంపైరుకు ఇవ్వబోతూ ప్రిన్సిపాలు గారి వైపు చూశాను.

ఆయన కుడివైపు ఊరిని చూశారు. టిక్కుమంది. నా పలచటి మధ్యను చూశారు. టిక్కు టిక్కుమంది, కానీ ఇది వేరు, తినబోయే ముందు కదిలించినట్టుంది. ఎడమ గుట్టను చూశారు. ఏ చప్పుడూ లేదు. అక్కడేమీ లేదని ఆయనకు అంత నమ్మకం. చీటీ చించి జేబులో వేసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య మాట వినకపోవడం అదే మొదలు వదినా. మందుల షాపాయన వెనకనుంచి, "ఏం రాస్తున్నావమ్మా?" అన్నాడు. "ఏమీ రాయడం లేదండీ" అన్నాను. గుర్రాలకు ఒకటే చీటీ పంపాను, నేను చెయ్యి ఎత్తేదాకా కదలొద్దని. ఎత్తగానే ఇంకో చీటీ కోసం ఆగకుండా దూకమని.

అసలు యుద్ధంలో చివర్న ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ టోపీ ఊపి మొత్తం సైన్యాన్ని కిందికి పంపాడట. ప్రిన్సిపాలు గారికి ఆ ఘట్టమంటే ప్రాణం, నిన్న అందుకోసం ఇంటినుంచి టోపీ పెట్టుకొచ్చారు. ప్రష్యన్లు ఊరి దగ్గర ఇరుక్కుపోయారు, నా మధ్య అరిగిపోయింది, ఇంక అడ్డేముంది? లేచి నిలబడ్డారు. టోపీ తీసి ఊపారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్రగోడ మొత్తం మిట్ట దిగింది, వరుసలు వరుసలుగా, నా ఎడమ గుట్ట వైపు కాపలా అన్నదే లేకుండా.

నేను చెయ్యి ఎత్తలేదు. ఇంకొక వంతు ఆగాను. నా మధ్య కాల్బలం వెనక్కి వెనక్కి పోతోంది. మందుల షాపాయన నా చెవిలో ఇల్లు కట్టుకుని, "అయిపోయింది, అయిపోయింది" అని పోరుతున్నాడు. వాళ్ళు పల్లంలోకి దిగేదాకా ఆగి, అప్పుడు చెయ్యి ఎత్తి, అట్టముక్కలు ఒక్కొక్కటీ తిప్పాను.

ఒకటి తిప్పితే గుర్రాలు. రెండోది తిప్పితే గుర్రాలు. మూడోదానికి మందుల షాపాయన నా చెవి వదిలి బల్ల మీదికి వంగాడు. అన్నీ తిప్పేసరికి బంగళాకూ మిట్టకూ మధ్యనుంచి నా గుర్రపు దళమంతా ఆయన వరుసల పక్కటెముకల్లోకి వెళ్ళింది. ఆయన గబగబా చీటీలు రాశారు, చదరంగా నిలబడమని. చీటీ చేరాలంటే ఒక వంతు కావాలి. ఆయనకు ఆ వంతు లేదు. మంచి దళాలు బంగళాలో కూచుని చూస్తున్నాయి. పాచికలు నేను వేశానో నా చెయ్యి వేసిందో గుర్తులేదు. మొదటి వరుస చెదిరి రెండోదాని మీద పడింది, రెండోది మూడోదాని మీద. ప్రష్యన్లు ఎవరికి సాయం వచ్చారో ఆ సైన్యమే మిగల్లేదు. అంపైరు గంట కొట్టి, "ఫ్రెంచివాళ్ళది" అన్నాడు. వాచీ చూసుకోవడం కూడా మర్చిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతమంది ముందు, రంగు మరకల గౌనులోనే, బావురుమన్నాను. ప్రిన్సిపాలు గారు లేచి నా దగ్గరికొచ్చారు. ఏదో చెప్పబోయారు గానీ కింది సెట్టు జారింది. సర్దుకుని, "ముందిది బిగించిపెట్టమ్మా, ఇది నన్ను పట్టించిందని ఇప్పుడు అనుమానమొస్తోంది" అన్నారు. నేను నవ్వూ ఏడుపూ కలిపి తల ఊపాను. తర్వాత మందుల షాపాయనతో, "మీరు ఇంకో కుర్చీ తెచ్చుకోండి. ఇది ఆవిడది" అన్నారు. ఆవిడ అన్నారు వదినా, అమ్మాయి అనలేదు!

అన్నయ్యకు ఎలా చెబుతావో చెప్పు. వాడి మాట కాదన్నాను. కోపమొస్తే రానీ, నేను మాత్రం మళ్ళీ అదే చేస్తాను.

నీ ఆడపడుచు

---

జూలై 14

మా మరదలికి,

నేను షాపులో గల్లాపెట్టె దగ్గరే చదివి, అరిచేశాను. జోడు తొడుక్కుంటున్న ముసలాయన ఉలిక్కిపడి, ఎవరికైనా పిల్లాడు పుట్టాడా అని అడిగాడు. మా మరదలు వాటర్లూ గెలిచిందని చెప్పాను. మంచిదమ్మా, ఏ డిపార్టుమెంటు అన్నాడు.

ఇంటికొచ్చి మీ అన్నయ్యకు చదివి వినిపించాను. నేను చదువుతున్నంతసేపూ ఆయన బొమ్మలు జరుపుతూ వచ్చారు. చీటీ చించి జేబులో వేసుకున్నావన్న చోట చెయ్యి ఆగిపోయింది. నేనూ ఆగాను. "చదువు" అన్నారు. చివరిదాకా చదివాను. అన్నం కూడా తినకుండా వెళ్ళి పడుకున్నారు. నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, బల్లకు అవతలి పక్కన, ప్రిన్సిపాలు గారి వైపు, కుర్చీ వేసుకుని కూచున్నారు. ఆ ఎర్ర సైన్యాన్ని ఎలాగైనా కాపాడాలని చూస్తున్నారు. ముందే చదరంగా నిలబెట్టి చూశారు, ఫిరంగులు చీల్చేశాయి. బంగళాలోవాళ్ళను బయటికి తెచ్చి చూశారు, ఆలస్యమైంది. మిట్ట దిగకుండా చూశారు, ఊళ్ళో నీ సొంత దళం ప్రష్యన్లను సాయంత్రం దాకా ఆపేసి వంతులు అయిపోయాయి. నేను షాపు మూసి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నారు. "లేదు" అన్నారు. "ఏమిటి లేదు?" అన్నాను. "దానికి జవాబు లేదు. ఊళ్ళో ఆ దళాన్ని పెట్టింది చూడు, అది దాని సొంత బుర్రే. నేనైతే గుర్రాలు మధ్యకు తెచ్చి మళ్ళీ ఓడిపోయేవాణ్ణి" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఆయన కాసేపు ఒక్కరే ఉండాలని.

ఆ రోజునుంచీ మనిషిని పట్టలేకపోతున్నాం. డ్రైవింగ్ స్కూలు కుర్రాళ్ళు చూడటానికి వస్తే బల్ల చుట్టూ నిలబెట్టి యుద్ధమంతా చెప్పారు. పాలవాడికి చెప్పారు. కట్టు విప్పే డాక్టరుకు కట్టు విప్పుతుండగా చెప్పారు. ఎవరికి చెప్పినా మొదట, "మా చెల్లెలు" అంటారు, తర్వాత యుద్ధం. నా గుడ్డ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడం లేదు. నేనే చెప్పుకుంటున్నాను.

అసలు ఇది రాయమని ఆయన నా చుట్టూ రెండు రోజులుగా తిరుగుతున్నారు. చెయ్యి బాగైంది కదా, మీరే రాయండి అంటే, "నువ్వు రాస్తేనే బాగుంటుంది" అంటారు. సంగతేమిటంటే, వచ్చే యుద్ధంలో నీ సైన్యంలో ఏదైనా ఒక దళం తనకు ఇస్తావేమోనని. చిన్నదైనా పర్వాలేదట. చక్రవర్తి నువ్వేనట, నీ చీటీ ప్రకారమే నడుస్తారట. ఇది చెప్పేటప్పుడు నా మొహం చూడలేదమ్మా, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు.

జవాబు నువ్వే రాయి. నేను చదివి వినిపిస్తాను.

నీ వదిన

---

జూలై 20

వదినా,

ఇది పైకి చదువు, గట్టిగా.

అన్నయ్యకు గుర్రాలు ఇవ్వను. వాడికి ఓపిక తక్కువ. ఫిరంగులు ఇవ్వను, వాటి చప్పుడుకు పక్కింటి కుక్క ఊరుకోదు. వచ్చే యుద్ధంలో అందరికంటే కష్టమైన చోటు ఒకటుంటుంది. నేను అటు తిరిగి కూడా చూడలేను, చీటీ పంపడానికి తీరిక కూడా ఉండదు. అక్కడున్నవాళ్ళు కదలకుండా నిలబడి ఉన్నారన్న ధైర్యంతోనే నేను మిగతా బల్లంతా ఆడాలి. ఆ చోటు అన్నయ్యది. అక్టోబరులో మొదటి ఆదివారం, పొద్దున పది గంటలకు. ఆలస్యమైతే అంపైరు ఊరుకోడు.

ఇక మెల్లగా చదువు, ఇది నీకు. నువ్వూ వస్తున్నావు. బల్ల తుడవడానికి కాదు. ప్రిన్సిపాలు గారు తన వైపు ఒక సేనాధిపతి తక్కువయ్యారని వెతుక్కుంటున్నారు. నా గుర్రాలను అక్కడ పెట్టిందెవరో చెప్పగానే నిన్ను నాకివ్వమని బతిమాలుతున్నారు. ఇవ్వనన్నాను. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఎవరి వైపు ఆడతావో వచ్చే ఉత్తరంలో నువ్వే తేల్చుకో.

నీ ఆడపడుచు
ఫ్రెంచి సైన్యాధ్యక్షురాలు